నడిచి వచ్చిన పేషెంట్, లేవని చేతులు: ఒక వెన్నుపాము దెబ్బ కేసు

ఆయన క్యాజువాలిటీలోకి నడిచే వచ్చాడు. వీల్‌చైర్ తెస్తామంటే వద్దన్నాడు. ఒక పక్క కొడుకు, ఇంకో పక్క కోడలు ఉన్నా ఎవరి మీదా పెద్దగా ఆనలేదు. కాళ్లు కాస్త బిగుసుకున్నట్టు ఈడుస్తూ వచ్చి స్టూల్ మీద కూర్చున్నాడు. కూర్చోగానే రెండు చేతులూ ఒడిలో పెట్టుకున్నాడు, అరచేతులు పైకి, వేళ్లు సగం ముడుచుకుని. నుదుటి మీద ఐదు కుట్లు. మా జూనియర్ అప్పటికే కేస్ షీట్ మీద రాసేశాడు: 61 ఏళ్లు, నిన్న పొద్దుటి నుంచి యూరిన్ రాలేదు, ప్రోస్టేట్ కావచ్చు.

నేను కూడా ఒక పది నిమిషాలు అలాగే అనుకున్నాను. ఆ పది నిమిషాల గురించి తర్వాత చెబుతాను.

వెన్నుపాముకి దెబ్బ అనగానే మనందరికీ, డాక్టర్లతో సహా, కాళ్లు పడిపోయి స్ట్రెచర్ మీద కదలకుండా ఉన్న మనిషే కళ్ల ముందు కనిపిస్తాడు. నడుస్తున్నాడంటే వెన్నుపాము బాగున్నట్టే అని పైకి ఎవరూ అనరు గానీ, రద్దీగా ఉన్న ఓపీలో అందరం అలాగే నడుచుకుంటాం. ఈ కేసు ఇంత వివరంగా రాస్తున్నది అందుకే. పేషెంట్ అనుమతి తీసుకున్నాను, ఆయన్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఊరు నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వైపు. మృగశిర వెళ్లిన వారం, అప్పుడే ఒక వాన పడి ఆగింది. పత్తి చేను చూసుకుని టీవీఎస్ ఎక్సెల్ మీద వెనక కూర్చుని ఇంటికి వస్తున్నాడు, బండి నడిపేది తమ్ముడి కొడుకు. ఊళ్లో సీసీ రోడ్డు మీదికి ఎక్కాక కుక్క అడ్డం వచ్చింది, బ్రేక్ కొడితే బండి జారింది. స్పీడేమీ లేదు. ఈయన బోర్లా పడ్డాడు, నుదురు రోడ్డుకి కొట్టుకుని మెడ ఒక్కసారి వెనక్కి విరిగినట్టు వంగింది. స్పృహ తప్పలేదు. అయితే లేవబోతే రెండు చేతులూ లేవలేదట. ఈ ముక్క మాకు మూడో రోజు, అదీ నేను గుచ్చి గుచ్చి అడిగితే బయటికొచ్చింది. "రెండు నిమిషాలు చేతులు నాయి గావనిపించింది సారు. మళ్ల జరంత ఒచ్చినయ్" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు చంకల కింద చేతులు పెట్టి లేపి అరుగు మీద కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, బండి మీదే మధ్యలో కూర్చోబెట్టుకుని ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్లారు. కుట్లు పడ్డాయి, టీటీ ఇంజెక్షన్ పడింది, ఇంటికొచ్చారు.

ఆ రాత్రే చేతులు మండడం మొదలైంది. మామూలు నొప్పి కాదు. పచ్చి మిరపకాయలు దంచిన చేతులు కడుక్కోకుండా ఉంటే ఎలా మండుతాయో అలా అన్నాడు. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయాడు. ఫ్యాన్ గాలి తగిలినా మంటే. మర్నాడు దగ్గర్లోని టౌన్‌లో ఒక హాస్పిటల్‌కి వెళ్లారు. తలకి సీటీ స్కాన్ తీశారు, నార్మల్. మెడకి ఎక్స్‌రే తీశారు, ఫ్రాక్చర్ లేదు, అరుగుదల ఉంది అన్నారు. దెబ్బ అదురుకి నరాలు బెదిరాయని చెప్పి నొప్పి మాత్రలు, గ్యాస్ మాత్రలు, బీ12 ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. మెడకి పట్టీ వేయలేదు.

వాళ్లని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ ఎక్స్‌రే నేనూ చూశాను, నిజంగానే ఫ్రాక్చర్ లేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఎక్స్‌రేలో కనపడేది ఎముక, వెన్నుపాము కాదు. ఎముక విరగకుండా, పూస పక్కకి జరగకుండా కూడా లోపల వెన్నుపాము నలిగిపోవచ్చు, ముఖ్యంగా యాభై అరవై దాటిన వాళ్లలో. ఎక్స్‌రే నార్మల్ అనే మాటని మనం పేషెంట్ నార్మల్ అని చదువుకుంటాం. ఒక్కరైనా ఆయన చేతిలో తమ వేలు పెట్టి "గట్టిగా పట్టుకో పెద్దాయనా" అని ఉంటే చాలు, ఆ రోజే బయటపడేది.

ఇప్పుడు ఆ పది నిమిషాల సంగతి. అరవై దాటిన మగాడు యూరిన్ రావట్లేదని వస్తే ప్రోస్టేట్ అనుకోవడం సహజం, పదిమందిలో ఎక్కువమందికి అదే అయి ఉంటుంది కూడా. పైపు వేశాం. 1100 మిల్లీలీటర్లు వచ్చింది. సిస్టర్ ఆ అంకె చెప్పినప్పుడు నాకు తట్టింది. మామూలుగా మూడు నాలుగు వందల మిల్లీలీటర్లకే లేచి వెళ్లాలనిపిస్తుంది. ప్రోస్టేట్ అడ్డుపడి లీటరు నిండితే మనిషి మంచం మీద మెలికలు తిరుగుతూ అరుస్తాడు. ఈయన స్టూల్ మీద నిమ్మళంగా కూర్చుని ఉన్నాడు. పొత్తికడుపు గట్టిగా బొడ్డు దాకా ఉబ్బి ఉంటే "కడుపుల ఏం లేదు సారు, చేతులే" అన్నాడు. మూత్రాశయం నిండిందన్న సమాచారం పైకి చేరడం లేదు. ప్రోస్టేట్ అయితే దారిలో అడ్డం ఉంటుంది గానీ కబురు మాత్రం అందుతుంది. ఇక్కడ కబురే అందట్లేదు. దెబ్బ తగిలాక నొప్పి తెలియకుండా యూరిన్ ఆగిపోయిందంటే, వేరే కారణం రుజువయ్యేదాకా అది వెన్నుపాము సమస్యే అనుకోవాలి.

అప్పుడు వెంటనే పడుకోబెట్టి గట్టి కాలర్ వేసి, తలకి అటూ ఇటూ దన్ను పెట్టి, మొదటి నుంచి మళ్లీ చూశాను. పల్స్ 54, బీపీ 96/60. మూడు రోజులుగా సరిగ్గా తినని, నొప్పితో ఉన్న మనిషికి పల్స్ పెరగాలి గానీ తగ్గకూడదు. గుండె వేగాన్ని పెంచే నరాల ఆజ్ఞలు మెడలోంచే కిందికి దిగాలి, ఆ దారి దెబ్బతింటే ఇలా బీపీ, పల్స్ రెండూ కలిసి పడిపోతాయి. కేస్ షీట్ మీద ఈ రెండు అంకెలూ మొదటి నుంచీ ఉన్నాయి, వాటిని పక్కపక్కన పెట్టి ఎవరూ చదవలేదంతే.

తర్వాత కండరాల బలం. దీన్ని 0 నుంచి 5 వరకు లెక్క వేస్తాం. 3 అంటే భూమ్యాకర్షణకి ఎదురుగా లేపగలగడం, 5 అంటే మామూలు బలం. మోచేయి మడవడం రెండు వైపులా 4. మణికట్టు పైకెత్తడం రెండు వైపులా 3. మోచేయి చాచడం కుడివైపు 3, ఎడమవైపు 2. వేళ్లు ముడవడం 1, వేళ్లు విడదీయడం 1, రెండు చేతులకీ. అంటే కండరం కాస్త అదురుతున్నట్టు కనపడుతుంది తప్ప వేలు కదలదు. కాళ్లకి వచ్చేసరికి తొడ, మోకాలు, పాదం పైకి, పాదం కిందికి, బొటనవేలు అన్నీ 4. మొత్తం కలిపితే చేతులకి 50కి 23, కాళ్లకి 50కి 40. చేతులు కాళ్లకన్నా అంత బలహీనంగా, అందులోనూ వేళ్లు భుజాలకన్నా బలహీనంగా ఉండడం చూస్తే పేరు దానంతట అదే వస్తుంది. సెంట్రల్ కార్డ్ సిండ్రోమ్, అంటే వెన్నుపాము మధ్య భాగం నలిగితే కనపడే లక్షణాల గుంపు. పూర్తిగా తెగకుండా, పాక్షికంగా దెబ్బతిన్న వెన్నుపాము గాయాల్లో మనకి ఎక్కువగా కనపడేది ఇదే.

మోకాలి మీద సుత్తితో కొడితే కాలు మామూలుకన్నా గట్టిగా ఎగిరిపడింది. అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేచింది. నడివేలి గోరు చిటికేస్తే బొటనవేలు లోపలికి ముడుచుకుంది. ఈ మూడూ ఒకే మాట చెబుతున్నాయి: సమస్య చేతి నరాల్లో లేదు, పైన వెన్నుపాములో ఉంది.

గుండుసూదితో స్పర్శ చూస్తే భుజం కింది నుంచి తేడా మొదలైంది, చేతుల మీద సూది మొనకీ మొద్దు వైపుకీ తేడా చెప్పలేకపోయాడు, కాళ్ల మీద అక్కడక్కడ చెప్పగలిగాడు. ఇక అందరం దాటవేసే పరీక్ష ఒకటుంది, మలద్వారం చుట్టూ స్పర్శ, వేలు పెట్టి బిగించమని చెప్పడం. నేను కూడా ఆ రోజు దాన్ని దాదాపు నాలుగు గంటలు వాయిదా వేశాను. చుట్టూ బంధువులు, కర్టెన్ సరిగా లేదు, పెద్దాయన సిగ్గుపడుతున్నాడు, నాకూ మొహమాటం. అది నా పొరపాటు, ఒప్పుకుంటున్నాను. దెబ్బ పూర్తిదా, పాక్షికమా అని తేల్చేది ఆ పరీక్షే. వెన్నుపాము చివరి కొసల నుంచి స్పర్శ గానీ బిగింపు గానీ ఏ కొంచెం మిగిలి ఉన్నా ఆ గాయం పాక్షికం కింద లెక్క, కోలుకునే అవకాశం పూర్తిగా వేరు. ఈయనకి స్పర్శ ఉంది, బిగించగలిగాడు కూడా. ఆ సంగతి నాలుగు గంటల ముందే తెలిసి ఉంటే ఆ ఇంట్లోవాళ్లతో మాట్లాడేటప్పుడు నా గొంతులో కాస్త ధైర్యం ఉండేది.

వెన్నుపాము గాయం తీవ్రతని కొలిచే ఏషియా (ASIA) స్కేల్ మీద ఇది 'డి' గ్రేడ్. 'ఏ' అంటే పూర్తిగా పోయినట్టు, 'ఈ' అంటే నార్మల్. డి అంటే దెబ్బ కింద ఉన్న కండరాల్లో సగమైనా 3 లేదా ఆ పైన ఉన్నట్టు. కాగితం మీద డి చూస్తే తేలికపాటి కేసే అనిపిస్తుంది. ఆ డి గ్రేడ్ మనిషి అన్నం ముద్ద కలుపుకోలేడు, లుంగీ ముడి వేసుకోలేడు, కడుక్కోలేడు, ముక్కు మీద ఈగ వాలితే తోలుకోలేడు. గ్రేడు ఇచ్చేటప్పుడు కాళ్ల కండరాలు పది ఒకవైపు నిలబడి లెక్కని పైకి లాగేస్తాయి, చేతులు వాటి చాటున దాక్కుంటాయి.

వేరే జబ్బులేమైనా అయి ఉండొచ్చా అని కూడా చూడాలి కదా. పక్షవాతం అయితే సాధారణంగా ఒక వైపు చేయి కాలు పోతాయి, ముఖం, మాట కూడా మారొచ్చు, ఇలా రెండు చేతులూ సమానంగా పోవు. చంక దగ్గరి నరాల గుంపు తెగితే ఒక చేయి వేలాడుతుంది, రెండూ ఒకేసారి తెగడం చాలా అరుదు, పైగా కాళ్ల రిఫ్లెక్సులు అలా ఎగరవు. ఇంకోటి, చాలా బాధపెట్టే మాట, "భయంతో చేస్తున్నాడు", "నాటకం" అనేది. టౌన్‌లో ఎవరో కొడుకుతో అలా అన్నారట, నడవగలిగినవాడు చేతులు ఎందుకు లేపలేడని. చేతులు పోయి కాళ్లు మిగలడం చూసేవాళ్లకి నమ్మబుద్ధి కాదు. కానీ ఈ జబ్బు తీరే అది.

కోడలిని గురించి ఇక్కడ ఒక మాట రాయాలి. ఈ కేసులో జబ్బుని మొదట పట్టుకున్నది ఆమె. రెండో రోజు పొద్దున టీ గ్లాసు ఇస్తే జారిపోయింది, ఇంకో గ్లాసు ఇస్తే అదీ జారింది. అప్పటి నుంచి గమనిస్తూ ఉంది. "మామ వేళ్లు గ్లాసు సుట్టూ ముడుస్తలేడు సారు, రెండు అరచేతుల నడుమ అదిమి పట్టుకుంటుండు. నేనే తాపిన" అని నాతో చెప్పింది. మేం ఒక పేజీ రాసిన పరీక్ష ఆమె రెండు వాక్యాల్లో చెప్పేసింది. టౌన్ హాస్పిటల్లో ఇది చెప్పబోతే ఎవరూ వినలేదట.

ఇక ఎక్స్‌రే మళ్లీ తీసి చూస్తే ఫ్రాక్చర్ లేదు గానీ, ఎముకలు మరీ తెల్లగా ఉన్నాయి. సుద్దముక్కలు పేర్చినట్టు. మెడ పూసల ముందూ వెనకా ఉండే లిగమెంట్లు (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీలు) కూడా ఎముకలా గట్టిపడి కనపడుతున్నాయి. మునుగోడు, మర్రిగూడ ప్రాంతం పేరు వినగానే మాలో చాలామందికి తట్టేది ఫ్లోరైడే. ముంజేతికి ఒక ఎక్స్‌రే తీయించాను. రెండు ఎముకల మధ్య ఉండే పలచటి పొర కూడా ఎముకగా మారి అంచులు రంపంలా ఉన్నాయి. ఫ్లోరోసిస్ (నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు) అనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చేదాకా, చిన్నప్పటి నుంచీ బాయి నీళ్లు, బోరు నీళ్లే తాగాడు. తాగే నీటిలో లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్న ఫ్లోరైడ్ ఆ వైపు బోర్లలో ఎన్నో రెట్లు ఉండేదని తెలిసిన సంగతే. మన దేశంలో ఈ జబ్బుని గురించిన తొలి రిపోర్టులు 1937లో వచ్చాయి, అవీ అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ల నుంచే. వంకర కాళ్ల ఫోటోలు అందరూ చూశారు. లోపల వెన్నుపాము ఉండే గొట్టం ఏళ్ల తరబడి ఇరుకైపోతూ ఉంటుందన్నది మాత్రం ఫోటోల్లో కనపడదు.

సీటీ చేసి చూస్తే ఆ గొట్టం నాలుగో మెడ పూస దగ్గర 6 మిల్లీమీటర్లు మాత్రమే ఉంది. మామూలుగా 17 దాకా ఉండాలి, 10 కన్నా తగ్గితేనే బాగా ఇరుకు అంటాం. సీటీ చేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇలా కర్రలా బిగుసుకున్న మెడలో సన్నటి ఫ్రాక్చర్ ఉంటే మామూలు ఎక్స్‌రేలో కనపడదు, వదిలేస్తే ప్రమాదం. ఈయనకి లేదు. ఎమ్మారైలో మూడు, నాలుగు, ఐదు పూసల దగ్గర వెన్నుపాము మధ్యలో తెల్లటి వాపు మచ్చ స్పష్టంగా కనపడింది. మెడ వెనక్కి వంగినప్పుడు ముందు నుంచి గట్టిపడ్డ లిగమెంట్, వెనక నుంచి ముడతపడ్డ ఇంకో లిగమెంట్, ఆ రెండింటి మధ్య వెన్నుపాము పోకచెక్క అడకత్తెరలో పడ్డట్టు నలిగింది.

అంతకు ముందు నుంచే ఏమైనా ఉండేదా అని అడిగాను. ఆయన లేదన్నాడు. భార్యని విడిగా అడిగితే, ఏడాదిగా నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు ఊడిపోతోందని, ఊడినా ఆయనకి తెలియట్లేదని, వెనక్కి వెళ్లి ఆమే తెచ్చేదని చెప్పింది. ఎవరైనా పిలిస్తే మెడ తిప్పకుండా ఒళ్లంతా తిప్పి చూసేవాడట. వెన్నుపాము అప్పటికే ఒత్తిడిలో ఉంది, బండి మీద నుంచి పడడం చివరి దెబ్బ. అంత చిన్న పాటుకి ఇంత నష్టం ఎలా జరిగిందని కొడుకు పదేపదే అడిగాడు, బండి నడిపిన పిల్లవాడి మీద కోపంగా కూడా ఉన్నాడు. ఆ పిల్లవాణ్ణి కూడా కూర్చోబెట్టి ఎమ్మారై చూపించి చెప్పాను. అది కూడా వైద్యంలో భాగమే అని నేను నమ్ముతాను.

చేతులే ఎందుకు పోతాయి అన్నదానికి పుస్తకాల్లో చాలాకాలం ఒకటే సమాధానం ఉండేది. 1954లో అమెరికా న్యూరోసర్జన్ రిచర్డ్ ష్నైడర్ తన సహచరులతో కలిసి ఈ సిండ్రోమ్‌ని వివరించినప్పుడు, వెన్నుపాములో చేతులకి వెళ్లే తీగలు మధ్యకి దగ్గరగా, కాళ్లవి అంచున ఉంటాయని, మధ్యలో రక్తం చేరి నలిగితే చేతులు ముందు పోతాయని అనుకున్నారు. మేమూ అలాగే చదువుకున్నాం, బోర్డు మీద బొమ్మ వేసుకుని. తర్వాత చనిపోయిన వాళ్ల వెన్నుపాముల్ని పరిశీలిస్తే అంత చక్కగా వరసలు కనపడలేదు. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునేది ఏమిటంటే, మెదడు నుంచి దిగే ఆ పెద్ద నరాల కట్ట మనుషుల్లో ముఖ్యంగా వేళ్ల నాజూకు పనుల కోసమే ఉంది, నడకకి వేరే దారులు కూడా సాయం చేస్తాయి. అందుకని ఆ కట్ట దెబ్బతింటే నడక ఎలాగో సర్దుకుంటుంది, గుండీ పెట్టుకోవడం మాత్రం సర్దుకోదు.

పాక్షిక గాయాలు ఇదొక్క రూపంలోనే రావు. కత్తిపోటు తగిలి ఒకపక్కే తెగితే ఆ వైపు కాలు బలహీనమై, రెండో వైపు కాలికి వేడి, నొప్పి తెలియకుండా పోతాయి. అలాంటి కుర్రాణ్ణి ఒకసారి చూశాను, కుంటుతున్న కాలికే అందరూ పరీక్ష చేస్తున్నారు, బాగున్న కాలికి వేడినీళ్లు పడి బొబ్బలెక్కినా తెలియలేదు. వెన్నుపాము ముందు భాగం పోతే బలం, నొప్పి పోయి, కాలి వేలు పైకుందా కిందకుందా అన్న తెలివిడి మిగులుతుంది, వీళ్లు కోలుకోవడం కష్టం. నిజ జీవితంలో ఇవి కలగాపులగంగా కూడా ఉంటాయి.

వైద్యానికి వస్తే, మొదటి పని బీపీ. వాపెక్కిన వెన్నుపాముకి రక్తం సరిగా అందాలంటే సగటు బీపీ 85 దగ్గర నిలబెట్టాలని ప్రయత్నిస్తాం, దెబ్బ తగిలిన మొదటి వారమంతా. ఈయన వచ్చేటప్పటికి సగటు 72. మూడు రోజులు అలాగే గడిచిపోయింది. ఐసీయూలో పెట్టి మందు డ్రిప్‌తో పైకి తెచ్చాం. స్టెరాయిడ్ ఇవ్వలేదు. ఇస్తే మొదటి ఎనిమిది గంటల్లో ఇవ్వాలంటారు, అప్పుడు కూడా లాభం ఎంత అన్నదాని మీద ఏకాభిప్రాయం లేదు, మూడో రోజు ఇస్తే ఇన్ఫెక్షన్లు తప్ప ఒరిగేదేమీ లేదు.

ఆపరేషన్ మీద మా టీమ్‌లోనే రెండు అభిప్రాయాలు వచ్చాయి. వెనకటికి సెంట్రల్ కార్డ్ అంటే ఆగి చూడు, చాలావరకు దానంతటదే కోలుకుంటుంది అనేవాళ్లు. జపాన్‌లో సరిగ్గా ఇలాంటి వాళ్ల మీద, అంటే ఎముక విరగకుండా ఇరుకు గొట్టంలో వెన్నుపాము నలిగిన వాళ్ల మీద, 24 గంటల్లోపు ఆపరేషన్ చేస్తే మేలా, రెండు వారాలు ఆగి చేస్తే మేలా అని ఒక ట్రయల్ చేశారు, 2021లో ప్రచురించారు. ఏడాది తర్వాత చూస్తే బలంలో పెద్ద తేడా లేదు, కానీ ముందు చేసిన వాళ్లు త్వరగా కోలుకున్నారు. 24 గంటల గడువు మాకెలాగూ దాటిపోయింది. నా వాదన ఏమిటంటే, ఈయన గొట్టం 6 మిల్లీమీటర్లు, దెబ్బకి ముందే చెప్పు ఊడుతోంది, ఇప్పుడు కోలుకున్నా మళ్లీ బాత్రూంలో జారితే ఇదే కథ, ఈసారి కాళ్లు కూడా పోవచ్చు. ఆరో రోజు వెనక నుంచి మూడు నుంచి ఆరో పూస దాకా గొట్టం పైకప్పు (పూస వెనక వైపు ఎముక) తీసి ఒత్తిడి తగ్గించాం. ఫ్లోరైడ్ ఎముక రాయిలా ఉంటుంది, డ్రిల్ బిట్లు అరిగిపోతాయి, వేడెక్కకుండా నీళ్లు పోస్తూ మిల్లీమీటరు మిల్లీమీటరుగా వెళ్లాలి. మామూలు కేసుకన్నా రెండింతల టైం పట్టింది. స్క్రూల అవసరం రాలేదు, పూసలు అప్పటికే ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

ముందు కాళ్లు, తర్వాత మూత్రం, తర్వాత భుజాలు, చివర్లో వేళ్లు. ఈ సిండ్రోమ్‌లో కోలుకునే వరస సాధారణంగా ఇదే, ఈయనకీ ఇలాగే వచ్చింది. పదో రోజుకి ఇద్దరు పట్టుకుంటే లేచి నిలబడ్డాడు. వాకర్ ఇద్దామంటే పట్టుకునే చేతులేవి? ముంజేతులు ఆనించి నడిచే వాకర్ తెప్పించాం, అది దొరకడానికి మూడు రోజులు పట్టింది. ఇలాంటి వాళ్ల నడక చూసి ఇంట్లోవాళ్లు సంబరపడి వదిలేస్తారు గానీ, తూలితే చేయి ఆనించుకోలేరు, మళ్లీ నుదురే కొట్టుకుంటుంది. ఫిజియో అమ్మాయి ఆయన పక్క నుంచి కదిలేది కాదు.

యూరిన్ పైపు పన్నెండో రోజు తీసి, నాలుగైదు గంటలకోసారి సన్నటి ట్యూబ్‌తో ఖాళీ చేసే పద్ధతి మొదలుపెట్టాం. మామూలుగా పేషెంట్‌కే నేర్పిస్తాం. ఈయన చేతులు సహకరించవు కాబట్టి భార్యకి నేర్పాలి. ఆమె మొదటి రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు నుంచి సిస్టర్ కన్నా శుభ్రంగా చేసింది. ఏడో వారానికి తనంతట తాను పోసుకోవడం మొదలైంది, పోశాక లోపల మిగిలేది వంద మిల్లీలీటర్ల లోపుకి దిగింది, ట్యూబ్ ఆపేశాం.

చేతుల దగ్గర మాత్రం చాలా ఓపిక పట్టాల్సి వచ్చింది. వేళ్లు వాచి బిగుసుకుపోకుండా స్ప్లింట్లు, రోజూ వేలు వేలునా కదపడం. మణికట్టు పైకెత్తితే వేళ్లు వాటంతటవే కాస్త ముడుచుకుంటాయి, ఆ ఒడుపుతో తేలిక వస్తువులు పట్టడం నేర్పాం. చెంచా కాడకి సైకిల్ ట్యూబ్ చుట్టి లావు చేశాం. ఆయన ఒప్పుకోలేదు. చెంచాతో తినడం ఆయనకి నామోషీ, అరవై ఏళ్లు చేత్తో కలుపుకుని తిన్న మనిషి. నెల రోజులు కోడలో భార్యో తినిపించారు, ఎవరైనా చూడ్డానికి వస్తే ఆకలి లేదనేవాడు. ఇది కేస్ షీట్‌లో ఎక్కడా పట్టని విషయం. ఇంటికొచ్చిన చుట్టాలు "నడుస్తుండు గదా, ఇంకేం గావాలె" అనేసి వెళ్లిపోతుంటే లోపల ఆయన కుంగిపోయాడు, రెండో నెలలో నిద్ర పూర్తిగా పోయింది. మానసిక వైద్యుడి సాయం తీసుకున్నాం, ఇంకాస్త ముందే తీసుకోవాల్సింది.

మంటలకి నొప్పి మాత్రలు పనిచేయవు. నరాల మంటకి వాడే ప్రీగాబలిన్ చిన్న డోసుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే సగానికి తగ్గాయి, పూర్తిగా ఎప్పుడూ పోలేదు. చలికాలం పొద్దున ఎక్కువవుతాయి.

ఈ కేసు తర్వాత నేను క్యాజువాలిటీలో కొన్ని అలవాట్లు చేసుకున్నాను, జూనియర్లకీ అదే చెబుతున్నాను. నడివయసు దాటిన వాళ్లకి నుదుటి మీదో గడ్డం మీదో గాయం కనపడితే కుట్లు వేసే ముందు మెడ గురించి ఆలోచించమంటాను, ఆ గాయం మెడ వెనక్కి వంగిందనడానికి గుర్తు. పడ్డ క్షణంలో ఏం జరిగింది, చేతులూ కాళ్లూ కాసేపైనా కదలకుండా పోయాయా అని అడుగుతాను. చేతులు మండుతున్నాయంటే మెడపట్టీ ముందు, మాటలు తర్వాత. గుండీ తీసి పెట్టమంటాను, నా రెండు వేళ్లు పట్టుకోమంటాను, చివరిసారి యూరిన్ ఎప్పుడు పోశారు, అప్పుడు వస్తున్నట్టు తెలిసిందా అని అడుగుతాను. కర్టెన్ వేయించి, బంధువుల్ని బయటికి పంపి, ఆ మొహమాటం పరీక్ష మొదటి గంటలోనే చేసేస్తాను. ఇవన్నీ కలిపి ఐదు నిమిషాలు కూడా పట్టవు. వీటిలో ఏది తేడాగా ఉన్నా ఎక్స్‌రే నార్మల్ అని ఇంటికి పంపను, ఎమ్మారై అయ్యేదాకా మెడ కదలనివ్వను. ఇంకోటి, పడ్డ మనిషిని చంకలు పట్టి లేపి కూర్చోబెట్టకండి. 108 వచ్చేదాకా తల కదలకుండా ఒకరు రెండు చేతులతో పట్టుకుని ఉంటే చాలు.

ఏడాది రివ్యూకి ఈ జూన్‌లో వచ్చాడు. కాళ్లు 48, చేతులు 39. కర్ర లేకుండా నడుస్తున్నాడు, ఎడమ కాలు కొంచెం బిగుసుగానే ఉంది. చెప్పుకి వెనక పట్టీ కుట్టించుకున్నాడు, ఊడట్లేదు. వేళ్లు ముడుచుకుంటున్నాయి, విడదీయడం ఇంకా 2 దగ్గరే ఆగిపోయింది, అది అంతకన్నా పెరుగుతుందని నేను అనుకోవట్లేదు, ఆయనకీ అదే చెప్పాను. అన్నం తనే కలుపుకుంటున్నాడు, మెత్తగా వండిన అన్నమైతే. వేడి మాత్రం ఇప్పటికీ సరిగా తెలియదు, అందుకని కంచం పెట్టే ముందు కోడలు వేలు పెట్టి చూస్తుందట. చొక్కాలకి గుండీల కింద వెల్క్రో కుట్టించారు. తర్వాతి రివ్యూ ఆరు నెలలకి.